పోలింగునాటి భయము - ఊరి కట్టుబాటు



నేను ముప్పదినాలుగేండ్లు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. శబ్దమంజరి, అమరము, రఘువంశము - ఇవి నేను చదువుకొన్న చదువు. రాజకీయముల చదువు నాకు లేదు. అయినను నేటి ప్రసంగమునకు రాజకీయ సంబంధమైన విషయమునే యెన్నుకొంటిని. ఏలననగా, మన దేశమున బడిపంతులు రాజకీయములలోనికి పోకున్నను, అయిదేండ్ల కొకమారు రాజకీయమే బడిలోనికి వచ్చును. బల్లలు గోడవారకు నెట్టి, కిటికీ ప్రక్కను అట్టముక్కలు అడ్డము పెట్టి, తరగతి గదిని పోలింగు కేంద్రము చేయుదురు. ఆ బల్ల వెనుక కూర్చుండువాడు సాధారణముగా పంతులే. నేనట్లు తొమ్మిది మారులు కూర్చుంటిని. అందులో మొదటి మారు నేను చేసిన తప్పొకటి ముందుగా చెప్పెదను.

1989వ సంవత్సరము నవంబరు నెల. లోకసభకును, మన శాసనసభకును ఒకే దినమున ఎన్నికలు. నా కొక పల్లె పడినది. ఆ ఊరి పేరు చెప్పను, పక్షముల పేర్లును చెప్పను. ఆ పని నాది కాదు. సాయంకాలమునకు లారీలో ఓటుపెట్టెలు దింపుకొని బడిలోనే పడక వేసికొంటిమి. అన్నము తెచ్చి వడ్డించుచు గ్రామసేవకుడు, "రేపు తూర్పువీధి వాళ్ళు రారండీ" అనెను. ఏమయ్యా, ఏల రారని యడిగితిని. "రారండీ" అని మరల అదే మాట యనెను. అంతకు మించి ఒక్క పలుకును పలుకలేదు.

తెల్లవారినది. బడికి నూరు మీటర్ల దూరమున సున్నముతో గీత గీసియుండిరి. ఆ గీతలోపల ఎవరును ప్రచారము చేయరాదని చట్టము. గీతకు సరిగా ఆవల ఒక వేపచెట్టు. దాని క్రింద నులకమంచములు రెండు వేసికొని నలుగురు మనుష్యులు కూర్చుండిరి. చేత కర్రలు లేవు. కేకలు లేవు. ఒకడు వేరుసెనగకాయలు ఒలుచుకొని తినుచుండెను. వారు చేసిన పని ఒక్కటే: వచ్చిన ప్రతివానిని చూచుట. తూర్పువీధికి దారి ఆ చెట్టు ప్రక్కనుండియే. మధ్యాహ్నమునకు జాబితా తిరుగవేసి చూచితిని. ఆ వీధివారి పేర్లు నూటికి పైగా కలవు. గుర్తు పెట్టినవి ఏడు.

మూడు గంటలు దాటిన తరువాత ఒక ముసలమ్మ కర్ర పోటు వేసికొనుచు ఒంటరిగా వచ్చెను. వ్రేలికి సిరా పెట్టించుకొని, తెల్లకాగితమును గులాబికాగితమును పుచ్చుకొని, తెరవెనుకకు పోక నా బల్ల యెదుట నిలిచెను. "మీరిక్కడ కూర్చున్నారు, వాళ్ళక్కడ కూర్చున్నారు. మేమెక్కడ నిలబడేది పంతులుగారూ?" అని యడిగెను.

నేనేమి బదులు చెప్పితినో తెలియునా? "త్వరగా ఓటు వేయమ్మా, వెనుక జనమున్నారు" అంటిని. వెనుక ఎవరును లేరు.

సాయంకాలము పెట్టెలకు లక్క ముద్రలు వేసి ప్రిసైడింగు ఆఫీసరు డైరీ వ్రాయుటకు కూర్చుంటిని. ఆ డైరీ అచ్చుపత్రము. అందులో పోలైన ఓట్లెన్ని, స్త్రీలెందరు, పురుషులెందరు అని గళ్ళుండును. లంచము లిచ్చిన కేసులెన్ని, ఓటర్లను బెదిరించిన కేసులెన్ని అను గళ్ళును ఉండును. బెదిరింపుల గడిలో "లేవు" అని వ్రాసితిని. ఎవరును ఎవరిని బెదిరించుట నా చెవులతో వినలేదు గదా యని మనస్సునకు సమాధానము చెప్పుకొంటిని. పోలింగు ప్రశాంతముగా జరిగినదని పై అధికారులు సంతోషించిరి. కాని ఆ తరువాత పదవ తరగతి పిల్లలకు సభాపర్వకథ చెప్పునపుడెల్ల, ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్మద్రోణులు తలలు వంచుకొన్న ఘట్టము రాగానే నా గొంతు సరిగా పలికెడిది కాదు. ఆ సభలో నోరు తెరచిన కుఱ్ఱవాడు వికర్ణుడు. పెద్దలు కాదు.

నాటినుండి ఆలోచించి, ఇతరుల నడిగి, నేను గ్రహించినది మనవి చేసెదను. భయపెట్టువారెప్పుడును కొద్దిమందియే. వేపచెట్టు క్రింద నలుగురు, తూర్పువీధిలో నూరుగురు. నలుగురు నూరుగురిని ఎట్లాపిరి? చాల యేండ్లకు ఆ ఊరినుండి వచ్చిన శిష్యుడొకడు నాకా రహస్యము చెప్పెను. పోలింగునకు ముందటి వారమున ఒక్కొక్క యింటికి ఒక్కొక్క మాట చేరినదట. ఒకనికి కౌలుచేను, ఒకనికి కూతురి పెండ్లికి తెచ్చిన అప్పు, ఒకనికి పొలమునకు పోవు డొంక, ఒకనికి పట్నమున చదువుకొను కొడుకు. ఏ యింటికి ఎక్కడ నొప్పియో అక్కడనే వ్రేలు పెట్టిరి. ఆ మాట తమకొక్కరికే వచ్చినదని ప్రతి యింటివారును అనుకొనిరి. సిగ్గుచే కొందరు, భయముచే కొందరు ప్రక్కయింటికి చెప్పలేదు. పోలింగునాడు ఆ నలుగురు చేయవలసిన పని ఇక మిగులలేదు; కనబడిన చాలును. కావున కొట్టుటకు ముందే, తిట్టుటకు ముందే, ఈ పని యంతయు చీకటిలో ఇల్లిల్లు వేరుచేయుటతో జరిగిపోవుచున్నది. మనము పోలీసులకొరకు చూచునది పోలింగునాడు. అప్పటికి అసలు పని ముగిసియుండును.

ఓటు రహస్యమని మనకు చిన్ననాటినుండి తెలియును గాని, ఆ రహస్యమెట్లు వచ్చినదో తెలియదు. అదియు భయమునకు మందుగానే వచ్చినది. బ్రిటను దేశమున 1872 వరకు ఓటరు పదిమంది యెదుట నోటితో తన ఓటు చెప్పవలసియుండెను. 1868 ఎన్నికలలో వేల్సు ప్రాంతపు కౌలుదారులు కొందరు తమ భూస్వాముల యిష్టమునకు మాఱుగా ఓటు చెప్పిరి. ఎన్నికలైన పిమ్మట వారిని భూములనుండి వెడలగొట్టిరి. అక్కడి ప్రజలు ఊరకుండలేదు. బాధితులకై చందాలు ప్రోగు చేసిరి. వారి గోడును పార్లమెంటు దాక తీసికొనిపోయిరి. 1872లో రహస్యముగా ఓటు వేయు చట్టము వచ్చుటకు ఆ గోడును ఒక కారణము. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున అంతకు ముందే, 1856లోనే ఈ పద్ధతి వచ్చియున్నది. మన దేశమున 1951-52లో జరిగిన మొదటి యెన్నికలలో అభ్యర్థి కొక పెట్టె, పెట్టెపై గుర్తు. ఓటరు తెరవెనుకకు పోయి తన కాగితమును తనకు నచ్చిన పెట్టెలో వేసి వచ్చెడివాడు. మా తండ్రిగారు ఆ ముచ్చట చెప్పి నవ్వెడివారు: కొందరు పెట్టెకు పసుపు కుంకుమలు పెట్టి దండము పెట్టి వచ్చిరట.

రహస్యము పూర్తిగా ఉన్నదా యనిన, ఉన్నది, లేదు. ఒక్క మనిషి ఓటు ఎవరికి పడినదో కనుగొనుటకు దారి లేదు. ఇది మీరు ఊరిలో గట్టిగా చెప్పవలసిన మాట. ఇప్పటి యంత్రము ప్రక్కను అద్దము వెనుక ఏడు సెకండ్లు చీటి కనబడి, తెగి, ముద్రవేసిన పెట్టెలో పడును. ఆ చీటిమీద అభ్యర్థి పేరు, గుర్తు, వరుస సంఖ్య ఉండును గాని, ఓటరు పేరుండదు, ఓటరు సంఖ్య యుండదు. "నీవెవరికి వేసినావో మాకు తెలిసిపోవును" అని చెప్పువాడు అబద్ధమాడుచున్నాడు. కాని ఒక్కొక్క పోలింగు కేంద్రమున ఎవరికెన్ని ఓట్లు పడినవో లెక్క బయటికి వచ్చును. అనగా మనిషి గుట్టు నిలుచును, వీధి గుట్టు నిలువదు. కాగితముల కాలమున దీనికొక ఉపాయము చేసిరి: ఓటర్లపై కక్షసాధింపు జరుగునను భయమున్న చోట అనేక కేంద్రముల కాగితములు కలిపి లెక్కించునట్లు 1993లో నియమము పెట్టిరి. యంత్రములు వచ్చిన తరువాత ఆ కలుపుట పోయినది. అనేక యంత్రముల మొత్తమునే చూపు టోటలైజరు అను పరికరమును ఎన్నికల సంఘము 2008లో ప్రతిపాదించినది. 2015లో లా కమిషను సరే యన్నది. కేంద్రప్రభుత్వము ఒప్పుకొనలేదు, అది అమలునకు రాలేదు. కావున ఫలితములు వచ్చిన మరునాడు "మీ వీధిలో మాకు ఇన్నే పడినవి" అను మాట వచ్చును. ఆ మాటకు బదులు చట్టములో లేదు, ఊరిలోనే ఉండవలెను.

ఊరు బదులు చెప్పుట యనగా ఎట్లుండునో చూపుటకు దూరదేశపు కథ యొకటి చెప్పెదను. అమెరికా సంయుక్తరాష్ట్రములలో టెనెసీ రాష్ట్రమున ఫేయెట్టు అను జిల్లా కలదు. ప్రత్తి పండు నేల. 1959 నాటికి అక్కడ నల్లజాతివారే అధికసంఖ్యాకులు. చట్టరీత్యా వారికి ఓటుహక్కు ఎన్నడో వచ్చినది. జాబితాలో పేరెక్కినవారు మాత్రము మిక్కిలి తక్కువ. వారిలో పెక్కుమంది తెల్లవారి భూములలో పాలునకు సేద్యము చేయువారు. ఉండు ఇల్లు కూడ ఆసామిదే. ఆ సంవత్సరమున జాన్ మెక్‌ఫెరెన్ మొదలగువారు ఒక సంఘముగా చేరి, పేర్లు జాబితా కెక్కించు పనికి పూనుకొనిరి. ఆగస్టులో జరిగిన ఎన్నికలో పేరున్నవారిని కూడ ఓటు వేయనీయలేదు. కేంద్రప్రభుత్వము న్యాయస్థానమున దావా వేసెను. జనము మరల జాబితాల కార్యాలయము ముందు వరుసకట్టిరి.

అప్పుడు బయలుదేరెను అసలు అస్త్రము. పేరెక్కించుకొన్నవారి పట్టీ యొకటి అంగళ్ళవారి చేతికి వచ్చెను. పట్టీలోని వానికి ఉప్పు, పప్పు అమ్మరు. పెట్రోలు పోయరు. అప్పు పుట్టదు. మన పల్లెలలో వెనుకటి వెలి యెట్టిదో ఇది యట్టిది. దేశము వేరు, పేరు వేరు, అంతే. మెక్‌ఫెరెన్‌కు చిల్లర అంగడి యుండెను. సరకు పంపువారు మానివేయగా ఆయన తానే మెంఫిసు నగరమునకు పోయి తెచ్చుకొని తనవారికి అమ్మెను. 1960 నవంబరు ఎన్నికలలో వేయిమందికి పైగా నల్లజాతివారు ఆ జిల్లాలో ఓటు వేసిరి. ప్రత్తి తీత ముగిసినది. భూస్వాములు ఇండ్లు విడిచి పొమ్మనిరి.

ఇక్కడ ఒక రైతును గూర్చి చెప్పవలెను. షెపర్డ్ టౌల్స్ అను నల్లజాతి రైతునకు స్వంత భూమి యుండెను. ఆయనను వెళ్ళగొట్టగలవాడెవడును లేడు. ఆ భూమిలో గుడారములు వేసికొండని ఆయన అనెను. 1960 డిసెంబరు చలిలో, బురదలో, సైన్యము వాడి విడిచిన గుడారములలో కుటుంబములు చేరినవి. ఆ చోటికి గుడారముల పట్టణమనియే పేరు వచ్చినది. రాత్రివేళ కొందరు వచ్చి తుపాకులు కాల్చిరి. ఒకనికి చేతికి దెబ్బ తగిలెను. గుడారములు లేవలేదు. దేశము నలుమూలలనుండి తిండి, బట్టలు వచ్చినవి. 1962 జూలైలో న్యాయస్థానపు ఉత్తరువు వచ్చెను: ఓటుహక్కునకు అడ్డుపడు నుద్దేశముతో భూస్వాములు ఏ పనియు చేయరాదని. ఈ కథ చదివినపుడు నాకు 1921లో చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై ఊరు విడిచి రామనగరపు పాకలలో నెలల తరబడి కాపురముండుట జ్ఞప్తికి వచ్చినది. అక్కడ తగవు మునిసిపాలిటీ పన్నును గూర్చి. ఇక్కడ ఓటును గూర్చి. రెండు చోట్లను జనమును నిలిపినది ఒకరి ప్రక్క నొకరు పాక వేసికొనుటయే.

ఫేయెట్టు కథలో వీరులెవరని నన్నడిగిన, ఓటు వేసినవారు సరే, ఆ రైతు పేరు నేను ముందు చెప్పుదును. పేదవానికి ధైర్యము చెప్పుట సులభము. "భయపడకురా" అని అరుగుమీద కూర్చుండి నేనును చెప్పగలను. రేపు వాని చేను పోయిన, నిలుచుటకు చోటు చూపువాడుండవలెను గదా. ప్రతి యూరిలోను ఎవరి దయ మీదను బ్రదుకనివారు కొందరుందురు: స్వంత సేద్యము కలవారు, పింఛను వచ్చువారు, పిల్లలు దూరదేశమున స్థిరపడినవారు. ముందు నిలువవలసినవారు వారు. నావంటివాడు.

ఇక మన నేలపై నా కన్నులతో చూచినది. 2009వ సంవత్సరపు ఎన్నికలకు నేను మరియొక పల్లెకు పోయితిని. వెనుకటి యెన్నికలలో తలలు పగిలిన ఊరది. పోలింగుకు మూడు వారములకు ముందు, ఆ ఊరి పదవీవిరమణ చేసిన పోస్టుమాస్టరుగారు రచ్చబండకడ పదిమంది యుండగా, "నిన్న రాత్రి మా యింటికి ఇద్దరు వచ్చి ఇట్లనిరి" అని, వచ్చినవారన్న మాటలు వారన్నట్లే చెప్పెనట. కొంత సేపు ఎవరును మాటాడలేదట. పిమ్మట చాకలి వృద్ధుడొకడు, "మా యింటికీ వచ్చారండి" అనెనట. మరియొకడు, మరియొకడు. ఆ రాత్రికి పదునేడిండ్ల లెక్క తేలినది. ఈ సంగతులు నాకు పోలింగునకు ముందురాత్రి ఆ పెద్దలే చెప్పిరి. నా అభిప్రాయమున ఆ ఊరి పోలింగు ఆ రాత్రి రచ్చబండకడనే సక్రమముగా జరిగిపోయినది.

తరువాత వారు చేసిన పనులు చిన్నవి. ఏ యింటికి ఏ తేదీన ఎవరు వచ్చి ఏమనిరో ఒక పుస్తకమున వ్రాసిరి. వీధికొకరుగా అయిదుగురు పెద్దలు కూడిరి. వారిలో ఇద్దరు ఎదురు పక్షములవారు. అది ముఖ్యము. ఒక్క పక్షమువారు ఫిర్యాదు చేసిన, అది పక్షము మాట యని అధికారులు ప్రక్కన పెట్టుదురు. అయిదుగురును కలిసి పోయి తహశీల్దారునకును, సబ్ ఇన్‌స్పెక్టరునకును వ్రాతమూలముగా అర్జీ యిచ్చి, ముట్టినట్లు సంతకము పుచ్చుకొని వచ్చిరి. ఏ యే ఊళ్ళలో, ఏ యే వాడలలో ఓటర్లకు బెదిరింపు కలుగునో ముందుగా గుర్తించుడని ఎన్నికల సంఘము తన అధికారులకు ఉత్తరువు లిచ్చియున్నది. ఆ అధికారి జీపు దిగి అడిగినపుడు "మా ఊరిలో ఏమియు లేదండి" అని గౌరవమునకు పోయి చెప్పు పెద్దలే యెక్కువ. నేను వ్రాసిన "లేవు" వంటిదే ఆ "లేదండి" కూడ.

పోలింగునాడు తెల్లవారుజామున నేను తలుపు తీసి చూచితిని. గీతకు ఆవల మఱ్ఱిచెట్టు క్రింద మంచములు అప్పటికే వేసియున్నవి. వానిపై కూర్చున్నవారు ఆ అయిదుగురు. ప్రక్కను మజ్జిగకుండ. ఏ పక్షము మాటయు వారు మాటాడలేదు. వచ్చువారికి చెంబుతో మజ్జిగ పోసిరి. ఆ తావున కూర్చుండుటకు వచ్చిన మరికొందరు అటు నిటు చూచి వెళ్ళిపోయిరి. స్త్రీలు పదిమంది పదిమందిగా కలిసి వచ్చిరి. ఒంటరిగా వచ్చిన ముసలివారికి తోడు పంపిరి.

వారి కట్టుబాటులో మరియొక షరతు కలదు. ఓటు కారణముగా ఎవరి కౌలు పోయినను, వారికి మరియొక చెక్క చూపు పూచీ అయిదుగురిది. ఫలితములు వచ్చిన నెలకు ఒక రైతునకు నిజముగానే చేను పోయినది. ఇద్దరు పెద్దలు కలిసి ఎకరమున్నర పాతమక్తాకే ఇచ్చిరి. మరియొకని గడ్డివామి ఒక రాత్రి తగులబడెను. ఎవరు చేసిరో నేటికిని తేలలేదు. ఊరిలో ఇంటింటివారును తలా రెండు మోపుల గడ్డి తెచ్చి అదే తావున వామి వేసిరి. ఆ వామిని నేను చూడలేదు, విన్నాను.

ఆ గడ్డివామి కాలిన రాత్రి యువకులు కర్రలు చేతబట్టిరని కూడ విన్నాను. ఊరు చెడునది ఆ గంటలోనే. మొదటి దెబ్బ కొట్టినవాడు తప్పు తనదని యెరుగును. రెండవ దెబ్బ కొట్టినవాడు తాను ధర్మము చేయుచున్నాననుకొనును. మూడవ దెబ్బనాటికి మొదటిది ఎవరికిని జ్ఞప్తి యుండదు. మన రాయలసీమ పల్లెలలో కొన్ని కుటుంబములు తాతలనాటి పగకు మనుమలను అప్పగించిన కథలు మీకు నేను చెప్పనక్కరలేదు. పెద్దలు ఆ రాత్రి యువకులకు ఒక పని యిచ్చిరి: ఇద్దరు కాలిన తావునకు కాపలా, ఇద్దరు ఫొటోలు తీయుట, నలుగురు బాధితునితో కూడ స్టేషనుకు పోవుట. చేతికి పని యున్న కర్ర దిగిపోవును.

స్టేషనుకు పోవుటను గూర్చి రెండు మాటలు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న క్రొత్త చట్టముల ప్రకారము, నేరమెక్కడ జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు చేయవచ్చును. వ్రాసికొన్న సమాచారపు నకలు ఉచితముగా ఇయ్యవలెను. అక్కడ వ్రాసికొననిచో జిల్లా సూపరింటెండెంటునకు టపాలో పంపవచ్చును. బాధితుని ఒంటరిగా పంపకుడు. సాక్షి చెప్పినవానిని తరువాత మరువకుడు. సాక్షులకు రక్షణ కల్పించు పథకమునకు 2018 డిసెంబరులో సుప్రీముకోర్టు చట్టముతో సమానమైన బలమిచ్చినది, జిల్లాలో దానికి అర్జీ పెట్టుకొనవచ్చును. ఎన్నికల కాలమున 1950 అను నంబరునకు ఫోను చేయవచ్చును. సీ-విజిల్ అను ఫోను సాధనముతో పేరు చెప్పకయే ఫొటో పంపవచ్చును. మీ మనుమలకు అది తెలిసియుండును. షెడ్యూల్డు కులములు, తెగలవారిని ఓటు వేయవద్దనియో, ఫలానివారికి వేయుమనియో బెదిరించుట 1989 నాటి అత్యాచారముల నివారణ చట్టము క్రింద వేరుగా నేరము. వారిని సాంఘికముగా వెలివేయుటయు అట్లే నేరము.

మఱియొక ముచ్చట. డబ్బు చేతబెట్టి, దేవుని పటము ముందు కర్పూరము వెలిగించి ప్రమాణము చేయించుకొనుట మన ప్రాంతమున కలదు. "పంతులుగారూ, మాట తప్పిన కళ్ళు పోతాయా?" అని నన్నడిగినవారు కొందరు. ఓటరునకు దైవకోపము కలుగునని భయపెట్టుట కూడ చట్టములో నేరముగానే చెప్పబడినది. శాస్త్రము మాట యడుగుదురా, భయపెట్టి చేయించిన ప్రమాణము భయపెట్టినవానినే పట్టును గాని భయపడినవానిని పట్టదని నేను చదువుకొన్న చదువు మీద చెప్పి పంపితిని. కళ్ళు పోయినవారిని ఇంతవరకు చూడలేదు.

పెద్దలకు కష్టము కలిగించు మాట యొకటి చెప్పక తప్పదు. కట్టుబాటు అను కత్తికి రెండు వైపుల పదును. ఊరినంతను నిలిపిన కట్టుబాటే ఒకనిని నొక్కగలదు. "మన ఊరి ఓట్లన్నియు ఒకే వైపు" అని రచ్చబండకడ తీర్మానించి, కాదన్న ఇంటికి నీరు, నిప్పు కట్టిన పెద్దలు వేపచెట్టు క్రింది నలుగురికంటె ఏ విధమున మంచివారు? పంచాయతీ ఎన్నికలలో ఏకగ్రీవము వచ్చిన గ్రామములకు ప్రోత్సాహకముగా ధనమిచ్చుట మన తెలుగు రాష్ట్రములలో కలదు. నిజముగా అందరికిని సమ్మతమైన ఏకగ్రీవము చూచితిని, మంచిదే. కాని గుడికి అంత, బడికి అంత యని వేలము పాడి సర్పంచి పదవిని అమ్మిన ఊళ్ళను గూర్చియు విన్నాను. నామినేషను వేయబోయినవానిని దారిలో నిలిపి వెనుకకు పంపి, దానికి ఏకగ్రీవమని పేరు పెట్టిన కథలును విన్నాను. పోటీకి వచ్చు మనిషి, ఎంత బుద్ధిలేనివాడైనను, ఆఫీసు దాక పోయి కాగితమిచ్చి రాగలుగుట ఊరి పెద్దల పూచీ. 2009లో ఆ అయిదుగురు నాతో మొదట చెప్పిన మాట, "ఎవరికి వేయాలో మేము చెప్పడము లేదండి" అని. నన్ను నమ్మించుటకు కాదు; ఊరు తమను నమ్ముటకు అదే కారణమని.

ఆ దినము సంగతి ఒకటి విడిచితిని. మధ్యాహ్నము రెండు గంటలకు యువకుడొకడు వరుసలోని స్త్రీలవెంట గది గడప దాక వచ్చి, చెవిలో ఏదో చెప్పి పోవుచున్నాడని పోస్టుమాస్టరుగారు కబురంపిరి. నేను బల్ల వెనుకనుండి లేచి బయటికి వచ్చితిని. ఇరువదేండ్ల తరువాత లేచితిని. వాని పేరడిగితిని, చెప్పలేదు. కానిస్టేబులును పిలిచి వానిని గీత దాటించితిని. వాడు పోవుచు నా వైపు చూచిన చూపునకు నా కాళ్ళు వణకినవి. ధోవతి కట్టుకొనియుండుటచే ఎవరికిని కనబడలేదు.

రాత్రి పన్నెండు దాటిన పిమ్మట యంత్రములు అప్పగించు చోట పొడుగాటి వరుస. బల్లవద్ద గుమాస్తా నా డైరీ తిరుగవేసి, బెదిరింపుల గడివద్ద వ్రేలు నిలిపెను. అందులో "ఒకటి" అని యుండెను. క్రింద నాలుగు పంక్తులలో వివరము. "మాస్టారూ, ఇది వ్రాస్తే మళ్ళీ విచారణ, మళ్ళీ మీరు రావాలి, మళ్ళీ మేము రావాలి. లేవు అని వ్రాసి చిన్న సంతకము పెట్టండి, అయిపోతుంది" అని మంచిగానే చెప్పెను. పాపము, అతడును తెల్లవారినుండి అన్నము తినియుండడు.

నేను కలము జేబులో పెట్టుకొని, అట్లే పుచ్చుకొనుడంటిని. వెనుకనున్న పంతులు "కానీయండి మాస్టారూ, బస్సు పోతుంది" అని తొందరపెట్టెను. ఈ మారు వెనుక నిజముగానే జనమున్నారు.